థ్రెడ్-సురక్షిత క్యూ

ఒకే ప్రోగ్రాములో ఏకకాలంలో నడిచే థ్రెడ్ల మధ్య సమాచారాన్ని ఒకదాని నుండి మరొకదానికి అందించడానికి ఉపయోగించే దత్తాంశ నిర్మాణాన్ని థ్రెడ్-సురక్షిత క్యూ అంటారు. ముందు చేర్చిన అంశం ముందు బయటకు రావడం క్యూ యొక్క నియమం. ఎన్ని థ్రెడ్లు ఒకేసారి వాడినను ఏ అంశమూ పోకుండా, ఏ అంశమూ రెండుసార్లు రాకుండా ఈ నియమం నిలిచినచో ఆ క్యూను థ్రెడ్-సురక్షితమైనదిగా పరిగణిస్తారు. సీ భాష ప్రామాణిక గ్రంథాలయంలో ఇటువంటి క్యూ సిద్ధంగా లేదు. కావున ప్రోగ్రామరు దానిని స్వయంగా నిర్మించుకొనవలెను, లేదా జీలిబ్ వంటి ఇతర గ్రంథాలయాలపై ఆధారపడవలెను.

అవసరం

ఒక ప్రాసెస్‌లోని థ్రెడ్లన్నింటికీ మెమొరీ ఉమ్మడిగా ఉంటుంది. ఇదే వాటి సౌలభ్యం, ఇదే వాటి ప్రమాదం. ఉదాహరణకు క్యూలో 5 అంశాలు ఉన్నవనుకొనిన, రెండు థ్రెడ్లు ఒకే క్షణంలో చెరొక అంశాన్ని చేర్చబోయి, లెక్క 5 అని రెండూ చదివి, రెండూ 6 అని వ్రాయవచ్చును. రెండు అంశాలూ ఒకే గడిలో పడి, మొదటిది చెరిగిపోతుంది. సీ భాషలో ఒక్క వాక్యంగా కనిపించే కూడిక, యంత్రస్థాయిలో చదువుట, కూడుట, వ్రాయుట అను మూడు పనులుగా జరుగుటయే దీనికి కారణం. ఇట్టి దోషాన్ని రేస్ కండిషన్ అంటారు. ఇది వేల పర్యాయాలలో ఒక్కసారి మాత్రమే బయటపడవచ్చును గనుక పరీక్షలలో దొరకడం కష్టం.

ఈ దోషం ప్రాణాంతకమైన సందర్భం కూడా ఉన్నది. థెరాక్-25 అను రేడియేషన్ చికిత్సా యంత్రం వలన 1985-87 మధ్య ఉత్తర అమెరికాలో రోగులకు అత్యధిక మోతాదు తగిలిన ప్రమాదాలు 6 నమోదైనవి. వాటిలో మరణాలు కూడా సంభవించినవి. ఏకకాలంలో నడిచే పనులు ఉమ్మడి చరరాశులను రక్షణ లేకుండా వాడుకొనుట అందుకు గల కారణాలలో ఒకటి. ఆ యంత్రపు సాఫ్టువేరు అసెంబ్లీ భాషలో వ్రాయబడినది. అయినను ఉమ్మడి మెమొరీని వాడే సీ ప్రోగ్రాములన్నింటికీ ఆ పాఠం వర్తిస్తుంది.

చరిత్ర

డచ్చి శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1960వ దశకంలో సెమఫోర్ అను భావనను ప్రవేశపెట్టి, ఉత్పత్తిదారు-వినియోగదారు సమస్యకు దానితో పరిష్కారం చూపెను. 1974లో టోనీ హోర్ మానిటర్ల గురించి వివరించెను. యూనిక్సు తరహా వ్యవస్థలకు థ్రెడ్ల ప్రమాణం 1995లో పోసిక్సు ద్వారా వచ్చినది. సీ భాషలోనికి మాత్రం థ్రెడ్లు 2011 నాటి సీ11 ప్రమాణంతో చేరినవి, అవి కూడా ఐచ్ఛికంగానే.

నిర్మాణం

సాధారణంగా క్యూను నిర్ణీత సంఖ్యలో గడులు గల వలయాకార శ్రేణిగా ఏర్పరుస్తారు. దానిలో ఈ భాగాలు ఉంటాయి:

* అంశాలను ఉంచే గడులు
* తరువాత తీయవలసిన గడిని చూపే తల, తరువాత చేర్చవలసిన గడిని చూపే తోక
* ప్రస్తుతం ఉన్న అంశాల లెక్క
* ఒక మ్యూటెక్సు
* "ఖాళీగా లేదు", "నిండి లేదు" అను రెండు కండిషన్ వేరియబుల్సు

గోదావరి డెల్టా కాలువలపై పడవల కొరకు కట్టిన లాకులతో మ్యూటెక్సును పోల్చవచ్చును. లాకు గదిలో నీటిమట్టం మారుతున్నంతసేపు రెండువైపుల తలుపులను మూసి ఉంచేవారు. మట్టం సరిపడిన తరువాతనే ఒకవైపు తలుపు తెరచేవారు. అదే విధంగా, క్యూ సగం మారిన స్థితి ఇతర థ్రెడ్ల కంట పడకుండా మ్యూటెక్సు కాపాడుతుంది. అయితే క్యూను ముట్టుకొనే ప్రతి థ్రెడ్డూ మ్యూటెక్సును తీసుకొన్నప్పుడే ఈ రక్షణ ఉంటుంది.

పనిచేయు విధానం

అంశాన్ని తీసే థ్రెడ్ ఈ క్రమాన్ని పాటిస్తుంది:

1. మ్యూటెక్సును తీసుకొనును.
2. లెక్క సున్నాగా ఉన్నంతవరకు "ఖాళీగా లేదు" అను సంకేతం కొరకు నిద్రించును.
3. తల వద్దనున్న అంశాన్ని తీసి, తలను ఒక గడి జరిపి, లెక్కను ఒకటి తగ్గించును.
4. "నిండి లేదు" అని సంకేతమిచ్చి, మ్యూటెక్సును విడిచిపెట్టును.

చేర్చే థ్రెడ్ ఇందుకు ప్రతిరూపంగా, క్యూ నిండి ఉన్నంతవరకు వేచి ఉంటుంది. నిద్రించేటప్పుడు మ్యూటెక్సును విడుచుట, నిద్రలోకి జారుట అను రెండు పనులూ విడదీయరాని ఒకే చర్యగా జరుగుతాయి. ఇవి వేరువేరుగా జరిగినచో, మధ్యలో వచ్చిన సంకేతం వృథా అయి ఆ థ్రెడ్ ఎప్పటికీ మేల్కొనకపోవచ్చును.

రెండవ మెట్టులో "ఇఫ్" కాక "వైల్" వాడుట తప్పనిసరి. మేల్కొన్న థ్రెడ్ మ్యూటెక్సును మరల పొందేలోపు వేరొక థ్రెడ్ ఆ అంశాన్ని తీసుకుపోవచ్చును. అంతేకాక సంకేతం లేకుండానే థ్రెడ్ మేల్కొనుటను పోసిక్సు ప్రమాణం అనుమతిస్తుంది. కావున మేల్కొన్న ప్రతిసారీ షరతును తిరిగి పరిశీలించవలెను.

జాగ్రత్తలు

* యాజమాన్యం: క్యూలో సాధారణంగా పాయింటర్లను ఉంచుతారు. చేర్చిన తరువాత ఆ మెమొరీని పంపిన థ్రెడ్ ముట్టరాదు. దానిని విడుదల చేయు బాధ్యత తీసుకొన్న థ్రెడ్‌కు చెందుతుంది. క్యూ ఎంత సురక్షితమైనా ఈ నియమం తప్పినచో ప్రోగ్రాము కూలిపోవచ్చును.
* ముగింపు: ఇక అంశాలు రావని తెలుపుటకు "మూసివేయబడినది" అను గుర్తును పెట్టి, వేచియున్న థ్రెడ్లన్నింటినీ మేల్కొలపవలెను. లేనిచో అవి నిద్రలోనే ఉండి, ప్రోగ్రాము ముగియదు. ఈ గుర్తును కూడా రెండవ మెట్టు షరతులో చేర్చవలెను.
* పరిమితి: హద్దులేని క్యూలో ఉత్పత్తి వేగం ఎక్కువైనచో మెమొరీ నిండిపోతుంది.
* వోలటైల్: ఈ పదం చేర్చినంత మాత్రాన చరరాశి థ్రెడ్-సురక్షితం కాదు.

లాకులు లేని క్యూలు

మ్యూటెక్సు లేకుండా, విడదీయరాని యంత్ర ఆదేశాలతో క్యూను నిర్మించవచ్చును. 1996లో మాగెడ్ మైకేల్, మైకేల్ స్కాట్ ప్రచురించిన పద్ధతి వీటిలో ప్రసిద్ధమైనది. అయితే తీసివేసిన గడి మెమొరీని ఎప్పుడు విడుదల చేయవచ్చునో నిర్ణయించడం సీ భాషలో క్లిష్టమైన పని. కావున వేగం చాలడం లేదని కొలిచి నిర్ధారించుకొన్న తరువాతనే వీటిని చేపట్టడం ఉత్తమం. వాల్‌గ్రైండ్‌లోని హెల్‌గ్రైండ్, జీసీసీ, క్లాంగ్ కంపైలర్లలోని థ్రెడ్‌శానిటైజర్ అను పరికరాలు రేస్ కండిషన్లను వెదకి చూపుతాయి. అయితే అవి నడిచిన దారిలోని తప్పులను మాత్రమే పట్టగలవు.