వాము, ఓమం, దీపావళి లేహ్యం: మన ఇళ్ళ కడుపునొప్పి మందుల కథ

నాయకరాజుల గురించి, గుళ్ళ గురించి చాలా రాసుకున్నాం. ఈసారి అంజరైపెట్టె తెరుద్దాం. దాన్ని పోపులపెట్టె అనేవాళ్ళు తమిళనాట మన ఇళ్ళలో ఇంకా ఎందరున్నారో మీకే తెలుసు.

కడుపులో మెలిపెడితే ముందు చెయ్యి పోయేది వాము మీదికే. చిటికెడు ఉప్పుతో నమిలి వేడినీళ్ళు తాగడం ఒక పద్ధతి. దోరగా వేయించి, గ్లాసున్నర నీళ్ళు గ్లాసయ్యేదాకా కాచి తాగడం ఇంకొకటి. తమిళంలో ఇది ఓమం, మరాఠీలో ఓవా, ఒడియాలో జుఆణి, సంస్కృతంలో యవానీ. షోలాపూర్‌లోనో బరంపురంలోనో ఉన్న మనవాళ్ళు కొట్లో ఏ పేరుతో అడిగినా ఇంట్లో వాడే వాము అదే. ఒక మాట. పెరట్లో పెంచే దళసరి వామాకు (తమిళంలో కర్పూరవల్లి, కన్నడంలో దొడ్డపత్రె) వేరే మొక్క. వాసన ఒకటే గాని దానికి వాము గింజలు కాయవు.

ఆ వాసనకు మూలం థైమాల్. వాము నూనెలో దాదాపు సగం అదే ఉంటుంది. పేగుల కండరాలు బిగుసుకుని వదలకపోవడమే మెలిపెట్టే నొప్పి, ఆ బిగువును వాము కొంత సడలిస్తుంది. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు మన దేశపు వాము ఓడలకెక్కి జర్మనీ వెళ్ళేది, థైమాల్ తీయడానికి. 1909లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో కొంకిపురుగుల మీద రాక్‌ఫెల్లర్ సంస్థ పెద్ద ఉద్యమం నడిపినప్పుడు వాడిన మందు కూడా థైమాలే. మన అవ్వలు పిడికిట్లో పట్టుకున్న గింజ అంత దూరం తిరిగొచ్చింది.

ఇంగువ కథ దీనికి తలకిందులు. అది లేని చారు మనకు చారే కాదు, కాని శతాబ్దాలుగా వచ్చింది ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్ల నుంచే. మన దేశంలో పంటగా నాటే ప్రయత్నం మొదలైంది 2020 అక్టోబరులో, హిమాచల్‌లోని లాహౌల్ లోయలో. పసిపిల్లల కడుపు ఉబ్బితే బొడ్డుచుట్టూ రాసే ఇంగువ, మనకంటే ఎక్కువ వలస వచ్చిన సరుకన్నమాట.

అన్నిటికంటే నాకు ముచ్చటైనది దీపావళి లేహ్యం. ఆంధ్రా నుంచి వచ్చిన చుట్టాలు చాలామంది దాన్ని వింతగా చూస్తారు. మనం తమిళుల దగ్గర నేర్చుకున్నదది. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, మోడి, వాము, జీలకర్ర, ధనియాలు దంచి, బెల్లం పాకంలో నెయ్యి, నువ్వులనూనె పోసి ఉడికిస్తారు. నరకచతుర్దశి తెల్లవారుజామున తలంటుకుని, మిఠాయి ముట్టకముందే ఉసిరికాయంత మింగాలి. రోజంతా నేతివంటలు తినబోయే కడుపుకు ముందుజాగ్రత్త. ఏ ఇంటి పాళ్ళు ఆ ఇంటివే. ఇచ్చిపుచ్చుకోవడమంటే ఇదీ: వంటకం వాళ్ళది, మా అవ్వల నోట్లో పేర్లు మాత్రం మనవి.

మందును సీసాలో పోసి అమ్మడంలోనూ వలస తెలుగువాళ్ళు వెనకబడలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. మద్రాసులో కె.ఎన్. కేసరి గారి కేసరి కుటీరం నుంచి వచ్చిన లోధ్ర ఆడవాళ్ళ నెలసరి బాధలకు ఇంటింటా పేరు. లొద్దుగ చెట్టుకే సంస్కృతంలో లోధ్ర అని పేరు. ఆడవాళ్ళు పైకి చెప్పుకోని కడుపునొప్పికి మందు అమ్మిన ఆయనే, 1928లో వాళ్ళకోసం ‘గృహలక్ష్మి’ పత్రిక పెట్టారు. నా లెక్కలో రెండో పనే పెద్దది.

ఇంగ్లాండులో 1851లో ఉడ్‌వర్డ్ తయారుచేసిన గ్రైప్ వాటర్‌లో ఉన్నదీ వంటింటి సరుకే: సోయికూర గింజల నూనె, సోడా, చక్కెర. బెంగళూరు వాళ్ళు సబ్బసిగె సొప్పు అని పప్పులో వేసుకునేది ఆ కూరే. అప్పటి సీసాలో సారా కూడా ఉండేది, అది వేరే సంగతి! ఆరునెలల్లోపు పిల్లలకు తల్లిపాలు తప్ప ఏ కషాయమూ వద్దని ఇప్పటి వైద్యుల మాట. నేనూ ఆ మాటవైపే.

వీటికి హద్దుంది. నొప్పి బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి దిగినా, జ్వరం, వాంతులు తోడైనా అది వాముకు లొంగే నొప్పి కాదు. అపెండిక్స్ కావచ్చు. అప్పుడు ‘కడుపు శుభ్రం కావాలి’ అని ఆముదం పట్టించడం ప్రాణం మీదికి తెస్తుంది. నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇక అసలు పని. మన ఇళ్ళలో లేహ్యం పాళ్ళు రాసిన పాత నోట్‌పుస్తకాలు కొన్ని తమిళ లిపిలో ఉన్నాయి, మాటలు మాత్రం తెలుగే. 2006 తమిళ అభ్యసన చట్టం తర్వాత బడిలో తెలుగు చదివే పిల్లలు తగ్గారు. మోడి అంటే ఏమిటో అడిగితే చెప్పగలవాళ్ళు డెబ్బై దాటినవాళ్ళే. ఈ దీపావళిలోపు మీ అవ్వనో అత్తనో కూర్చోబెట్టి, ఆమె పిడికెడు అన్న ప్రతిదాన్నీ త్రాసులో తూచి, పేరు ఆమె పలికినట్టే రాసి సంఘానికి పంపండి. ఏ లిపి అయినా సరే.