ఓరుగంటి పూటకూటి యిల్లు

ఖమ్మము నుండి తిరుమలాయపాలెము మీదుగా ఓరుగల్లునకు పోవు బాటసారి నేడు బస్సు దిగినంతనే ఏదో యొక హోటలులో చేయి కడుగుకొనగలడు. ఆరువందల ఏండ్ల క్రిందట ఆ నగరమున ఆకలిగొన్న పరదేశి యెక్కడికి పోయెడివాడు? సత్రమునకు పోవచ్చును. చేతిలో ఒక రూక యున్నచో లక్ష్మణవజ్ఝల యింటికి పోవచ్చును.

ఈ పేరు మనకు క్రీడాభిరామమున దొరకుచున్నది. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామమును అనుసరించి వెలసిన యీ వీథి నాటకము వినుకొండ వల్లభరాయనిదనియు, కాదు, శ్రీనాథునిదే యనియు పండితులు వాదులాడిరి. ఆ వాదము మన కిప్పు డక్కరలేదు. మంచనశర్మ, టిట్టిభసెట్టి యను మిత్రు లిరువురు ఓరుగంటి వీథుల తిరుగుచు కన్నదెల్ల చెప్పుకొనుటయే అందలి కథ. కోడిపందెములను చూచిన కన్నులే పూటకూటి యింటిని గూడ చూచినవి. 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు సురవరం ప్రతాపరెడ్డిగారు ఇట్టి కావ్యములనే ఆధారము చేసికొనిరి. రాజుల శాసనములలో దానములు కానవచ్చును గాని భోజనము ధర కానరాదు గదా!

పూటకు కూడు పెట్టు ఇల్లు గనుక అది పూటకూటి యిల్లు. ఒక్క రూకకు అక్కడ దొరకిన దేమి? కప్పురభోగి యను మేలి బియ్యపు అన్నము, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడు కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, తుదకు గడ్డపెరుగు. చదువుచుండగనే ఆకలి యగును. ఇందులో మిరపకాయను మాత్రము వెదకి లాభము లేదు. అది పోర్చుగీసువారు వచ్చిన పిమ్మట, అనగా 1498 తరువాతనే, మన దేశము చేరినది. నేడు ఖమ్మము మార్కెట్టుకు పేరు తెచ్చిన పంటను ఆనాటి ఓరుగంటివారు ఎరుగరు. వారి కారము మిరియములది, అల్లముది.

అన్నము నమ్ముట తప్పని ధర్మశాస్త్రముల మాట. వజ్ఝల యను మాటనుబట్టి ఆ యింటివారు బ్రాహ్మణులు. అయినను కవి వారిని వెక్కిరింపలేదు. ఇంటిపేరు, వంటల పట్టిక, ధర మూడును ఒక్క పద్యమున చెప్పి మెచ్చుకొనెను.

దీని ప్రక్కన కన్యాశుల్కము నుంచి చూడుడు. 1892లో విజయనగరమున ఆడి, 1897లో అచ్చయిన ఆ నాటకమున పూటకూళ్ళమ్మ యున్నది. ఆమె వితంతువు, నలుగురికి వండిపెట్టి బ్రతుకుచున్నది. గిరీశము ఆమె యింట తిని, ఆమె సొమ్మే కాజేసెను. ఆమెకు పూటకూళ్ళమ్మ యనుటయే గాని సొంత పేరు లేదు. ఓరుగంటిలో ఇంటివారి పేరు చెప్పి పిలిచిన వృత్తి, అయిదు వందల ఏండ్లకు పేరునే మ్రింగినది. ఇది గురజాడవారి పొరపాటని నే ననను. లోక మట్లే పిలిచెడిది. వేరు బ్రతుకుతెరువు లేని స్త్రీకి ఆ పొయ్యియే ఆధారము.

1889లో హైదరాబాదు రైలు ఖమ్మము మీదుగా బెజవాడ చేరినది. కాలక్రమమున స్టేషనుల చెంత కాఫీహోటళ్ళు లేచినవి. పీట పోయి బల్ల వచ్చినది, విస్తరిముందు కూర్చుండువారి ఊరు పేరు అడుగువారు లేకపోయిరి. ఇంటి నడవలో పూటకూడు పెట్టిన స్త్రీలు ఒక్కరొక్కరుగ పొయ్యి చల్లార్చిరి. కొన్ని పట్టణములలో విద్యార్థులకు నెలవారీగా భోజనము పెట్టు చిన్న మెస్సులలో మాత్రము నేటికిని ఇంటి యజమానురాలే గరిటె పట్టుకొని, మారు వడ్డించనా యని అడుగుచుండును.