తెర వెనుకటి కంఠము: శ్రీమతి రావు బాలసరస్వతీదేవి

మన మహాసభలలో స్త్రీవిద్యను గూర్చిన తీర్మానమునకు ఎదురు చెప్పువారు లేరు. బాలికలకు సంగీతము నేర్పుటను గూర్చి మాత్రము పెద్దలలో నేటికిని గుసగుసలు గలవు. "నేర్పింతము గాక, నలుగురి యెదుట పాడించుట యెట్లు?" అను ప్రశ్న నందిపేటలో మేము పలుమారులు వినియున్నాము. కావున 2025 అక్టోబరు 15వ తేదీన హైదరాబాదులో స్వర్గస్థురాలైన శ్రీమతి రావు బాలసరస్వతీదేవిగారి గానచరిత్రమును ఇచ్చట స్మరించుచున్నాము. ఆమె మన కులమున బుట్టినవారు గారు. ఈ సంచికలో స్థలమేల యని కొందరడుగవచ్చును. అడుగనిండు.

1928లో జన్మించిన బాలసరస్వతిగారు ఆరేండ్ల ప్రాయముననే గ్రామఫోను రికార్డునకు పాడిరి. 1936లో సి. పుల్లయ్యగారు బాలనటులతో దీసిన 'సతీ అనసూయ'లో గంగ వేషము ధరించిరి. ఆ కాలపు టాకీలలో నటించువారే పాడవలెను. మొగమొకరిది, కంఠమొకరిది యనుట లేదు. 1940లో గూడవల్లి రామబ్రహ్మముగారి 'ఇల్లాలు'లో సాలూరు రాజేశ్వరరావుగారితో గూడ నటించిరి. ఆ యిరువురి లలితగీతముల రికార్డులు తెలుగునాట మిక్కిలి ప్రచారము నొందినవి.

అంతకు ముందే 1938 జూన్ 16న చెన్నపట్టణమున ఆలిండియా రేడియో కేంద్రము ప్రారంభమై యుండెను. అచ్చట తెలుగు లలితసంగీతమును ఆలపించిన తొలి గాయనులలో ఆమె యొకరు. మన ప్రాంతము నాడు నిజాము రాజ్యములోనిది. హైదరాబాదు దక్కను రేడియో 1950 ఏప్రిల్ 1న గాని ఆకాశవాణిలో గలియలేదు. రేడియోలో వినువాడు పాడువారిని జూడడు. సభకు బోవ సంకోచించు కుటుంబముల స్త్రీలకు ఈ చూడకుండుటయే ద్వారము దెరచినది.

చలనచిత్రములలోను అట్టిదే జరిగెను. చిత్తూరు నాగయ్యగారు నిర్మింపగా పి. పుల్లయ్యగారు దర్శకత్వము వహించిన 'భాగ్యలక్ష్మి' 1943లో వెలువడెను. అందు భీమవరపు నరసింహారావుగారి సంగీతమునకు కమలా కోట్నీసుగారు పెదవులు గదల్ప, వినవచ్చినది బాలసరస్వతిగారి కంఠము. తెలుగున నేపథ్యగానమునకు ఇదియే నాంది యని చెప్పుదురు.

1944లో కోలంక రాజావారితో వివాహమయ్యెను. నటన మానిరి, పాట మానలేదు. మొగము చూపకయే పాడు మార్గ మప్పటికి ఏర్పడి యుండుటచే కొన్నియేండ్లు నేపథ్యగానము సాగినది. పిదప అదియు క్రమముగ నిలిచిపోయెను. తెరచాటు ఆమెకు మేలు చేసెనని పలువు రందురు. మేమంత సులభముగ ఒప్పజాలము. మొగము దెలియని గాయని పాడుట మానినను, మానినదని గమనించువా రెందరు? లీల, జిక్కి, సుశీలగార్ల కంఠములు వినవచ్చుచుండగా లోకము తన పాటలు తాను వినుచునే యుండెను. బాలసరస్వతిగారు అటుపిమ్మట దాదాపు డెబ్బది సంవత్సరములు జీవించిరి!

నేడు నిజామాబాదుననే ఆకాశవాణి కేంద్ర మున్నది. నందిపేటనుండి బస్సులో బోయి రావచ్చును. మన విద్యానిధినుండి బాలికల సంగీతోపాధ్యాయుని వేతనమునకై కొంత సొమ్ము కేటాయింపవలె ననియు, నేర్చినవారిని వచ్చు మహాసభలో వేదికమీదనే, తెరలేకయే పాడింపవలె ననియు కార్యవర్గమువారి యెదుట ప్రతిపాదించుచున్నాము.