కాశీ దారిలో కట్టెలూ నీళ్లూ

రైళ్లు రాకముందు కాశీయాత్ర ఎలా ఉండేదని అడిగితే ఎవరైనా ముందు చెప్పేది దారిదోపిళ్ల గురించి, అడవి మృగాల గురించి, వాంతిభేదుల గురించి. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనన్న సామెత ఆ భయంలోంచే పుట్టింది. ఆ భయం ఉత్తది కాదు. పిండారీల దాడులు 1818తో గానీ అణగలేదు. ఠగ్గులను పట్టడానికి ఈస్టిండియా కంపెనీ అధికారి స్లీమన్ సాగరు, జబల్పూరు ప్రాంతాల్లో గట్టిగా పూనుకున్నది 1830 నాటికి. 1817లో వంగదేశంలో చెలరేగిన కలరా యాత్రికులతోపాటే ఊరూరూ తిరిగింది. అయినా ఈ సామెతనే పట్టుకుని కూర్చుంటే ఆనాటి ప్రయాణం మనకు సగమే అర్థమవుతుంది. కొత్త దేశంలో అడుగుపెట్టినవాణ్ణి రోజూ నిలేసినవి చాలా చిన్న సంగతులు. ఈ ఊళ్లో కట్టెలు అమ్ముతారా, బావికి మెట్లున్నాయా లేక చేద తెచ్చుకోవాలా, మన రూపాయి ఇక్కడ చెల్లుతుందా, వీళ్లు చెప్పే కోసు ఎంత పొడవు? ఇలాంటివే. నేను చెప్పదలచినది ఇంకొకటి కూడా ఉంది. ఈ చిన్న వింతలను పట్టుకునే చూపు భక్తి ఇచ్చింది కాదు, దేశం చూడాలన్న సరదా ఇచ్చిందీ కాదు. వెంట నడిచేవాళ్ల తిండికీ పడకకూ పూచీపడటం వల్ల వచ్చిన చూపు అది. దీనికి మన భాషలోనే గట్టి సాక్ష్యం ఉంది: ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’.

వీరాస్వామయ్య చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. దొరలకూ కక్షిదారులకూ నడుమ మాట అందించే పెద్ద ఉద్యోగి. సెలవు పెట్టి 1830 మే 18, మంగళవారం రాత్రి తండయారువీడులోని తోట ఇల్లు విడిచాడు. తిరిగి చెన్నపట్నం చేరింది 1831 సెప్టెంబరు 3న. పోయేటప్పుడు తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నిర్మల, నాగపూరు, జబల్పూరు మీదుగా ప్రయాగకూ కాశీకీ వెళ్లాడు. వచ్చేటప్పుడు గయ, కలకత్తా, పూరీ చూసుకుని కోస్తా వెంబడి దిగివచ్చాడు. కుటుంబం, బంధువులు, బ్రాహ్మణులు, నౌకర్లు, పల్లకీ బోయీలు అందరూ కలిపి వెంట సుమారు 100 మంది. దారి పొడవునా చూసినదాన్ని రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు పంపేవాడు. వీరాస్వామయ్య 1836లో చనిపోయాడు. 1838లో శ్రీనివాసపిళ్ల దాన్ని అచ్చువేయించాడు. తెలుగులో మొదటి యాత్రాచరిత్రగా దానికి పేరొచ్చింది. ఆ పేరు న్యాయమైనదే. కాని ‘మొదటిది’ అనే గౌరవం ఇచ్చేసి పుస్తకాన్ని బీరువాలో పెట్టేస్తే దాని అసలు విలువ చేజారిపోతుంది.

ఆ విలువ మజిలీల దగ్గర కనిపిస్తుంది. దాదాపు ప్రతి ఊరికీ ఆయన రాసే లెక్క ఒక్కటే: ముందరి మజిలీ నుంచి ఎంత దూరం, దారి ఇసుకా రాయా రేగడా, ఊరు బస్తీయా పల్లెటూరా, దిగడానికి సత్రమో గుడో చావడో ఉందా, దుకాణాలు ఎన్ని, నీళ్ల వసతి ఎలాంటిది. పుణ్యక్షేత్రాల వైభవం కోసం పుస్తకం తెరిచినవాళ్లకు ఈ వరుస విసుగ్గా అనిపిస్తుంది. ఒక్క సాయంత్రాన్ని ఊహించుకుంటే దాని అవసరం బోధపడుతుంది. పొద్దుగూకే వేళకు పల్లకీలు దిగుతాయి. బోయీలు భుజాలు రుద్దుకుంటూ చెట్టుకింద కూలబడతారు. ఒకడు చేదా తాడూ పట్టుకుని బావికి పోవాలి, ఒకడు దుకాణానికి పోవాలి, మడిగా వండుకునేవాళ్లకు కొత్త కుండలు కావాలి, అంతమందికీ విస్తళ్లు కావాలి, రాత్రి కాపలాకు ఊరి తలారిని పిలిపించాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ రాత్రి కొందరు పస్తులు పడుకుంటారు. కట్టెలు తన ఊళ్లో డబ్బిస్తే ఇంటికే వచ్చిపడే సరుకు. అడవి పక్కనున్న పల్లెలో ఎవరి కట్టెలు వాళ్లే కొట్టుకుంటారు కాబట్టి అమ్మేవాడే ఉండడు. అడవి దగ్గరే కట్టెలకు కరువొచ్చిందన్న వింత పల్లకీలో కూర్చుని చెట్లు చూస్తూ పోయేవాడికి తట్టదు, వంద మందికి వంట కావాల్సినవాడికే తడుతుంది.

ఏరు దాటడం కూడా అలాంటిదే. మే నెలలో బయల్దేరినవాడికి దక్కను, నాగపూరు దారులు వానాకాలంలోనే ఎదురయ్యాయి. ఆ రోజుల్లో కృష్ణను దాటడానికి తోలు కట్టిన పుట్టే గతి. ఒంటరి బైరాగికి నది అంటే ఒక పుట్టిలో చోటు. వంద మందికి, పల్లకీలకు, గుడారాలకు, బియ్యం మూటలకు అయితే ఎన్ని విడతలు తిప్పాలి, సగంమంది అవతల సగంమంది ఇవతల ఉండగా చీకటిపడితే ఏం చేయాలి అన్న లెక్క. నది ఒక్కటే అయినా ఈ ఇద్దరికీ అది ఒకే నది కాదు.

అన్నిటికంటే ఎక్కువగా తెలియజెప్పేది డబ్బు సంగతి. కంపెనీ పాలన అంతటా ఒకే తూకం రూపాయి చెల్లాలని చట్టం వచ్చింది 1835లో. వీరాస్వామయ్య ప్రయాణం దానికి అయిదేళ్లు ముందు. చెన్నపట్నంలో ఆర్కాటు రూపాయి, నైజాం సీమలో అక్కడి టంకసాల రూపాయి, నాగపూరులో భోంసలే రూపాయి, ఉత్తరాదిన ఫరుక్కాబాదు రూపాయి, కలకత్తాలో సిక్కా రూపాయి. ఒక సీమ దాటగానే సంచిలో ఉన్న వెండి వెండిగానే ఉంటుంది గాని రూపాయిగా ఉండదు. షరాబు దాన్ని రాతిమీద మోగించి, తూచి, వట్టం పట్టుకుని ఇక్కడి నాణెం ఇస్తాడు. వట్టం ఎంతన్నది ఊరినిబట్టి, షరాబు ఆశనుబట్టి మారుతుంది. సేరు ఊరూరికీ మారుతుంది, కోసు సీమసీమకూ మారుతుంది. కోర్టులో నలుగురి భాషలు విప్పిచెప్పి జీతం తీసుకున్న మనిషి ఇప్పుడు ప్రతి పది మజిలీలకూ కొత్త తూకం, కొత్త కొలత నేర్చుకోవాలి. ఆయన చేతిలో డబ్బుంది. కాని రేపు బోయీలకు ఇవ్వాల్సిన కూలి ఏ నాణెంలో ఎంతవుతుందో ఇవాళే తెలియకపోతే ఎల్లుండికి పల్లకీ లేవదు. దేశంలో కొలతలు, నాణేలు ఒక్కటి కావడం అంటే ఏమిటో చట్టం పుటల్లోకంటే ఈ మారకం ఇబ్బందుల్లో ఎక్కువ స్పష్టంగా తెలుస్తుంది.

ప్రభుత్వాల మంచిచెడ్డలను కూడా ఆయన ఇదే కంటితో తూచాడు. శ్రీశైలం అప్పుడు కందనూరు (కర్నూలు) నవాబు చేతిలో ఉంది. ఆత్మకూరు, నాగలూటి, పెద్దచెరువు మీదుగా కొండెక్కే యాత్రికుల దగ్గర నవాబు మనుషులు పన్ను వసూలుచేసేవారు. గుడికీ దారికీ మాత్రం పట్టించుకున్నది లేదని వీరాస్వామయ్య నొచ్చుకుంటాడు. దీన్ని పరమతపాలన మీద హిందువు ఫిర్యాదుగా చదవడం తేలిక. ఆ చదువు నాకు సరిపడదు. ఎందుకంటే యాత్రికుల పన్ను కంపెనీ కూడా వసూలుచేసింది. ప్రయాగ, గయ, పూరీలలో అది 1840 దాకా సాగింది. తిరుమల ఆలయ ఆదాయం కూడా 1843 దాకా కంపెనీ అజమాయిషీలోనే ఉంది. వీరాస్వామయ్య అడుగుతున్నది పన్ను పుచ్చుకున్నవాడు ఏ మతంవాడని కాదు. పుచ్చుకున్నదానికి బదులుగా దారిలో నీడ, నీళ్లు, కాపలా ఇచ్చాడా లేదా అని. హైదరాబాదు వచ్చేసరికి వీధిలో పోయే జనం చేతుల్లో ఆయుధాలు చూసి ఆశ్చర్యపోవడం కూడా ఈ కోవలోదే. అవి వీరత్వానికి గుర్తుగా ఆయనకు కనిపించలేదు. ఆయుధం పట్టకుండా బజారుకు పోలేని ఊళ్లో తనవాళ్లు ఎలా గడుపుతారన్న దిగులే ఉంది.

ఇక్కడొక అభ్యంతరం వస్తుంది. ఈయన పలుకుబడి గల మనిషి, కంపెనీ అధికారుల ఉత్తరాలు వెంట ఉన్నాయి, డబ్బుంది, బలగముంది. పులులూ దొంగలూ ఆయన్ను ముట్టకపోతే ఆయనకు మిగిలినవి చిన్న ఇబ్బందులే కదా, దాన్ని పట్టుకుని ఆనాటి యాత్ర అంతా చిన్న ఇబ్బందులమయం అంటే ఎలా? ఇది బలమైన అభ్యంతరమే. ఒంటరిగా నడిచిపోయిన పేద యాత్రికుడు, కాశీలో చావాలని బయల్దేరిన ముసలమ్మ ఏం అనుభవించారో ఈ పుస్తకం చెప్పదు. సామెత వాళ్లదే అయి ఉండాలి. కాని ఆ అభ్యంతరాన్ని ఇంకొంచెం ముందుకు నడిపితే అది నా మాటకే ఆసరా అవుతుంది. అధికారుల ఉత్తరం చూపిస్తే చౌకీదారు దారివ్వచ్చు, జమీందారు పలకరించవచ్చు. ఎండిన చెరువు మాత్రం ఏ ఉత్తరానికీ నిండదు. హోదా తీర్చగల కష్టాలన్నీ తీర్చేశాక కూడా మిగిలినవేమిటో ఈయన లెక్కల్లో తెలుస్తుంది. హోదా లేనివాడికి కూడా అవే మిగిలాయి, ఇంకా ఎక్కువగా.

రెండో అభ్యంతరం దీనికంటే ముల్లులాంటిది. ఈ నీళ్ల వసతి ఎవరి నీళ్లు? ఆయన చూసే బావి ఆయన కులంవాళ్లు తోడుకోగల బావి. మోసినవాళ్ల గొంతు పుస్తకంలో ఎక్కడ వినిపిస్తుంది? వినిపించదు, ఒప్పుకోవాలి. 15 నెలల పైచిలుకు ఆ భారాన్ని మోసిన బోయీలు ఆ కొత్త దేశాల్లో ఏం చూసి ఆశ్చర్యపోయారో మనకు అందలేదు. ఆ నష్టం చిన్నది కాదు, ఎంత జాగ్రత్తగా చదివినా పూడేదీ కాదు. అయితే ఒక సంగతి ఉంది. క్షేత్ర మాహాత్మ్యాలు రాసినవాళ్లకు మోసేవాడు అవసరమే లేదు, అక్కడ యాత్రికుడు గాలిలో వచ్చినట్టు గుడి ముందు నిలబడతాడు. వీరాస్వామయ్య లెక్కలో మాత్రం దారి రాళ్లదైతే మోసేవాడి కాళ్లు నొప్పిపెడతాయి, ఆ రోజు మజిలీ దగ్గర్లోనే పడుతుంది. తనవాళ్ల భారమంతా వాళ్ల భుజాల మీద ఉంది కాబట్టే వాళ్ల అలుపు ఆయన లెక్కలోకి వచ్చింది. ఇది సమానత్వం కాదు. సాక్ష్యం మాత్రం అవుతుంది.

ఇంకొందరు అనేది, బావులూ దుకాణాలూ ఎంచిపెడితే చరిత్ర అవుతుందా అని. వీరాస్వామయ్య యాత్రకు ఇరవై ముప్పై ఏళ్ల ముందు కంపెనీ సర్వేయరు మెకంజీ దొర, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు ఊరూరా కైఫీయతులు రాయించారు. వాటితో పోల్చితే జవాబు దొరుకుతుంది. కైఫీయతులు అమూల్యమైనవి. ఆ ఊరు ఎవరు కట్టారు, గుడికి ఏ రాజు ఏ మాన్యం ఇచ్చాడు, ఎవరి ఏలుబడి తర్వాత ఎవరిది వచ్చింది అని కరణాలూ పెద్దలూ చెప్పిందంతా వాటిలో ఉంది. అది ఊరు తన గురించి తాను చెప్పుకున్న మాట. సాయంత్రం ఆ ఊళ్లోకి అడుగుపెట్టిన పరాయివాడికి ఏం దొరికేదన్నది అందులో ఉండదు. ఊళ్లో పుట్టినవాడికి బావి ఎక్కడుందో చెప్పాలన్న ఊహే రాదు. వచ్చేది పరాయివాడికే, అందులోనూ నలుగురి దాహం తీర్చాల్సిన పరాయివాడికే.

శ్రీనివాసపిళ్ల అచ్చుకు కూర్చేటప్పుడు మిత్రుడి రాతను సరిదిద్దలేదా అంటే, కొంత సరిదిద్దే ఉండవచ్చు. అయితే విసుగు పుట్టించే మజిలీల వరుసను ఆయన తీసేయలేదన్నది గమనించాలి. 1838లో చదివేవాళ్లకు ఆ పుస్తకంతో పని అదే: రేపు తామూ బయల్దేరితే ఎక్కడ దిగాలి, ఎక్కడ బియ్యం కొనిపెట్టుకోవాలి. ఆ తర్వాతి కథ కూడా ఇటే చూపిస్తుంది. రెండో కూర్పు 1869లో వచ్చింది. 1870లో బొంబాయి, కలకత్తా నడుమ జబల్పూరు మీదుగా రైలుదారి పూర్తయింది. 1871లో చెన్నపట్నం దారీ బొంబాయి దారీ రాయచూరు దగ్గర కలిశాయి. మూడో కూర్పు దిగవల్లి వేంకటశివరావుగారి చేతిమీదుగా 1941లో గాని రాలేదు. నడుమ 70 ఏళ్లకు పైగా ఖాళీ. దీనికి రైలొక్కటే కారణమని నేననను. పాత వాడుకభాష మీద గ్రాంథికవాదుల చిన్నచూపు కూడా తోడై ఉండవచ్చు. అయినా టిక్కెట్టు కొని బండెక్కినవాడికి నిర్మల దాటాక ఏ పల్లెలో కట్టెలు దొరుకుతాయో తెలియాల్సిన పని లేదు. 1941 నాటి పాఠకుడికి ఆ పుస్తకం దారి చూపించాల్సిన అవసరం తీరిపోయి, దానికే వివరణలు రాయాల్సిన అవసరం వచ్చింది.

ఆ మజిలీల లెక్కతో ఇప్పుడేం పని అంటే, ఒక్కటి చెబుతాను. వీరాస్వామయ్య 1831లో కోస్తా దారిన దిగివచ్చాడు. మరుసటి ఏడాది మొదలై 1833 దాకా ఆ సీమను పీల్చిపిప్పిచేసింది డొక్కల కరువు. ఒక్క గుంటూరు ప్రాంతంలోనే లక్షకు పైగా జనం పోయారు. కరువు చరిత్ర రాసేవాళ్లు కంపెనీ కలెక్టర్లు రాసిన కాగితాలతో మొదలుపెడతారు. ఆ కాగితాలు శిస్తు పడిపోయినప్పుడు మాట్లాడటం మొదలుపెడతాయి. అంతకు ముందరి ఏడు, ఇంకా ఎవరికీ ఏ అనుమానమూ లేనప్పుడు, ఆ దారిమీది ఊళ్లలో నీళ్ల వసతి ఎలా ఉంది, దుకాణాల్లో ఏం దొరికేది, బాటసారికి ఎవరు అన్నం పెట్టేవారు అన్నది చూడాలంటే, వంద మందికి ఆ రాత్రి వంట కుదరాలని తాపత్రయపడిన ఈ మనిషి మజిలీల వరుసనే తెరవాలి.