బెజవాడలో అటు నుంచి ఇటు

ఇంద్రకీలాద్రి పాదం దగ్గర కాసేపు నిలబడితే బెజవాడ రోడ్ల కష్టం సగం అక్కడే అర్థమవుతుంది. ఒక పక్క నిట్టనిలువు కొండ, ఇంకో పక్క కృష్ణ. హైదరాబాదు రోడ్డయినా, దుర్గమ్మ కొండ ఎక్కే భక్తులయినా, ఘాట్లకు దిగే జనమయినా ఆ రెంటి మధ్య మిగిలిన సన్నటి జాగాలోనే సర్దుకోవాలి. అక్కడి నుంచి తూర్పుకు కదిలితే ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ ఊరిని పాయలు పాయలుగా చీలుస్తాయి. వాటికి తోడు మద్రాసుకీ, హైదరాబాదుకీ, విశాఖకీ పోయే రైలు పట్టాలు. మధ్యలో మొగల్రాజపురం కొండ, గుణదల కొండ. ఇలాంటి నేల మీద రోడ్డు వేయడం తేలికని ఎవరూ అనరు. నేల ఇంత ఇరుకైనది కాబట్టే ఇక్కడ ముందుచూపు మిగతా ఊళ్ళకన్నా ఎక్కువ ఉండాల్సింది.

ఊరి చరిత్ర చూస్తే ఒక్క సంగతి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. బెజవాడలో పెద్ద ఎత్తున కట్టిన దారులూ వంతెనలూ దాదాపు అన్నీ ఊరిని దాటిపోయేవాళ్ళ కోసం కట్టినవే. ఊళ్ళోనే ఒక పేట నుంచి ఇంకో పేటకు పోయేవాళ్ళను మనసులో పెట్టుకుని కట్టినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇది ఫ్లైఓవర్ల కాలంలో మొదలైనది కాదు. 1852లో కృష్ణ మీద ఆనకట్ట పని మొదలై 1855కల్లా పూర్తయింది. ఆనకట్ట నుంచి బయల్దేరిన కాలువలు పొలాలకు నీళ్ళిచ్చాయి, పడవలకు దారీ ఇచ్చాయి. బందరుకు సరుకు పోవాలన్నా, ఏలూరు నుంచి ధాన్యం రావాలన్నా నీటి మీదే. ఏలూరు రోడ్డులో పడవల రేవు సెంటరుకు ఆ పేరు అలా వచ్చిందే. 1880లలో రైలొచ్చింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన పూర్తయ్యాక మద్రాసు వైపు దారి తెరుచుకుంది. బెజవాడ పెద్ద జంక్షనైంది, వ్యాపారం పెరిగింది, ఊరు ఊపందుకుంది. రోడ్లు మాత్రం పొడుగునే పెరిగాయి. బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు రెండూ ఊరి నడుమ నుంచి బయటికి సాగినవే. ఆ రెంటినీ అడ్డంగా కలిపే దారులు కాలువ వంతెనల దగ్గర పీక నొక్కినట్టు సన్నబడతాయి. ఈనాటికీ గవర్నరుపేట నుంచి కృష్ణలంకకో, సత్యనారాయణపురం నుంచి వన్‌టౌనుకో వెళ్ళేవాళ్ళకు ప్రయాణమంటే వంతెన దగ్గర ఎంతసేపు ఆగాలన్నదే లెక్క.

1952లో పాత ఆనకట్టకు గండి పడింది. దాని బదులు కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. నీటి కోసం కట్టిన ఆ బ్యారేజీ మీది రోడ్డే జాతీయ రహదారి భారం కూడా మోసింది. మద్రాసు నుంచి కలకత్తా పోయే లారీ కృష్ణ దాటాలంటే దాని మీదుగా ఊళ్ళోకి రావాల్సిందే. 1995లో కనకదుర్గ వారధి తెరిచాకే ఆ లారీలు బ్యారేజీని వదిలాయి. అయితే వారధి దిగిన లారీ ఊరికి దూరంగా పోలేదు. స్క్రూ బ్రిడ్జి దాటి నేరుగా బెంజి సర్కిల్‌కు చేరింది.

బెంజి సర్కిల్ సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. చెన్నై నుంచి కోల్‌కతా పోయే రహదారి, పుణె నుంచి హైదరాబాదు మీదుగా మచిలీపట్నం పోయే రహదారి అక్కడే ఒకదాన్నొకటి కోస్తాయి. పాత లెక్కలో అవి 5, 9 నంబరు రోడ్లు. ఇప్పుడు 16, 65. ఒకప్పుడు ఆ కూడలి ఊరికి తూర్పు అంచు. 1960లలో ఆటోనగర్ పెట్టినప్పుడు లారీ షెడ్లను ఊరి నడుమ నుంచి తీసి శివారుకు పంపుతున్నామనే అనుకున్నారు. అది ఆనాటికి మంచి ఆలోచనే. తర్వాత పటమట, గురునానక్ కాలనీ, కానూరు, పోరంకి వరసగా నిండిపోయాయి. శివారనుకున్నది ఊరి నడిబొడ్డయింది, బైపాస్ అనుకున్న రోడ్డు పిల్లలు బడికి పోయే రోడ్డయింది. 2011 జనాభా లెక్కల నాటికే నగరంలో పది లక్షలకు పైగా జనం ఉన్నారు. ఆ జనంలో కొందరు ఒక వైపు, కొందరు ఇంకో వైపు ఉండగా మధ్యలో జాతీయ రహదారి గీత గీసినట్టు నిలిచింది.

దానికి మందుగా ఫ్లైఓవర్ వచ్చింది. పనుల కోసం ఏళ్ళ తరబడి ఆ కూడలికి గుర్తుగా నిలిచిన కాకాని వెంకటరత్నం విగ్రహాన్ని తీశారు. 2020లో తెరిచింది ఒక పక్క మూడు వరసలే. రెండో పక్క వంతెన మీద బళ్ళు తిరగడానికి 2021 నవంబరు దాకా పట్టింది. జాతీయ రహదారికి రెండు దిక్కులుంటాయని ముందు తెలియక కాదు. రెండు పక్కల పనినీ రెండు వేర్వేరు దశలుగా విడగొట్టారు. ఫలితంగా ఒక పక్క పని ముగిసి జనం ఊపిరి పీల్చుకునేలోపు రెండో పక్క తవ్వడం మొదలుపెట్టారు.

ఇప్పుడు గుంటూరు నుంచి ఏలూరు వెళ్ళే కారు పై నుంచి ఆగకుండా పోతుంది. అది నిజంగా మేలే. కింద సంగతి వేరు. బందరు రోడ్డు మీద బస్టాండు వైపు నుంచి వచ్చే బస్సూ, ఆటోనగర్ గేటు వైపు నుంచి వచ్చే లారీ, పటమట నుంచి వచ్చే స్కూటరూ ఆ స్తంభాల మధ్యే సిగ్నల్ కోసం ఆగుతాయి. సాయంత్రం ఆరింటికి అక్కడ చూడాలి. ఫ్రీ లెఫ్ట్ అని బోర్డు రాసిన చోట షేర్ ఆటోలు ప్యాసింజర్ల కోసం నిలబడతాయి. వాటి వెనక సిటీ బస్సు ఆగుతుంది. బస్సు దిగినవాళ్ళు రోడ్డు మీదే దిగుతారు, ఎందుకంటే ఫుట్‌పాత్ అంచున ఒక పక్క బండ్లు పెట్టి ఉంటాయి, ఇంకో పక్క డ్రెయిన్ పలక లేచిపోయి ఉంటుంది. కాలేజీ విడిచిన అమ్మాయిలు ముందు సర్వీసు రోడ్డు దాటి, తర్వాత స్తంభాల నీడలో ఆగి, సందు చూసుకుని మళ్ళీ పరుగెత్తి అవతలి సర్వీసు రోడ్డు దాటాలి. ఒక రోడ్డు దాటడానికి ఇన్ని గండాలు. పైన పోయే బండి కోసం కోట్లు పెట్టిన చోట కింద నడిచే మనిషికి తిన్నగా దాటే దారి ఇవ్వకపోవడం చిన్న లోపమని సరిపెట్టుకోవడానికి లేదు. ఆ కూడలిలో నడిచేవాళ్ళు కారుల్లో పోయేవాళ్ళకన్నా తక్కువవాళ్ళేం కాదు.

దుర్గ గుడి ఫ్లైఓవర్ది ఇంకో కథ. 2015 డిసెంబరులో శంకుస్థాపన చేశారు. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు, ఆ లోపే పూర్తి చేస్తామన్నారు. కొండ పాదాన, నది ఒడ్డున, కోట్ల మంది పుణ్యస్నానాలకు వచ్చే చోట ఆరు వరసల వంతెనను ఎనిమిది నెలల్లో కట్టేయగలమని ఎలా నమ్మారో ఈ ఊరివాళ్ళకు ఆనాడే అర్థం కాలేదు. పుష్కరాలు వచ్చాయి, పోయాయి. తర్వాత నాలుగు దసరాలు స్తంభాల మధ్య క్యూలైన్లతోనే గడిచాయి. చివరికి 2020 అక్టోబరు 16న, నవరాత్రులకు సరిగ్గా ముందు రోజు, దాన్ని ప్రారంభించారు.

కట్టడం మాత్రం చూడముచ్చటైనది. ఒంటి స్తంభం మీద వెన్నెముకలాంటి దూలం, దానికి రెండు వైపులా రెక్కల్లా పరిచిన పలకలు. కింద జాగా ఇరుకు కాబట్టి ఇంజనీర్లు ఎంచుకున్న పద్ధతి అది. ఆ ప్రతిభను మెచ్చుకోవాల్సిందే. మరి ఆ అయిదేళ్ళూ డైవర్షన్ భారం ఎవరు మోశారు? హైదరాబాదు నుంచి వచ్చే బళ్ళను గొల్లపూడి దగ్గర తిప్పి సితార సెంటరు, కబేళా మీదుగా చిట్టినగర్ వైపు పంపారు. ఆ వీధుల్లో ఇళ్ళ గుమ్మాలు రోడ్డుకు ఆనుకుని ఉంటాయి. అరుగు మీద కూర్చునే ముసలివాళ్ళు లోపలికి జరిగారు, చిన్న కొట్లవాళ్ళు దుమ్ముకు సగం షట్టరు దించుకుని బేరాలు చేశారు. పనికి గడువు పెంచిన ప్రతిసారీ ఆ వీధులకు శిక్ష కూడా పెరిగింది. గుత్తేదారు ఒప్పందంలో గడువు ఉంటుంది, వాళ్ళ ఇబ్బందికి మాత్రం గడువు రాసిన కాగితం ఎక్కడా లేదు.

ఆ డైవర్షన్‌ను తట్టుకున్నది చిట్టినగర్ సొరంగం. 1960లలో ఇంజనీరూ విజయవాడ ఎంపీ కూడా అయిన కె.ఎల్. రావు చొరవతో కొండను తొలిచి వేసిన దారి అది. కొండకు అటున్న విద్యాధరపురం, భవానీపురం జనానికి ఇటున్న వన్‌టౌనుతో చుట్టు తిరగకుండా సంబంధం కలిపింది. బెజవాడలో ఊరివాళ్ళ కోసమే తలపెట్టిన పెద్ద పని ఏదంటే ముందు దాన్నే చెప్పాలి. లోపల వెలుతురు ఎప్పుడూ తక్కువే, వానాకాలం గోడలు చెమ్మగిల్లుతాయి, ఎదురొచ్చే ఆటో హారను చెవులు గింగురుమనిపిస్తుంది. అయినా దసరాలకు కొండ కింది రోడ్డు మూసిన ప్రతి ఏడూ పడమటి బెజవాడ దాని మీదే ఆధారపడుతుంది. కష్టం అంతా దాని తర్వాత అలాంటిది ఇంకొకటి కట్టకపోవడమే.

ఊరివాళ్ళ కోసమని చెప్పి చేసిన ఇంకో పని బీఆర్టీఎస్ రోడ్డు. 2005 చివర్లో కేంద్రం తెచ్చిన నగరాభివృద్ధి పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం కింద డబ్బులొచ్చాయి. సత్యనారాయణపురంలో రైలు పట్టాలు తీసేసిన జాగా చేతికొచ్చింది. పడవల రేవు వైపు నుంచి తిన్నగా, వెడల్పుగా రోడ్డు వేసి నడుమ బస్సులకు విడిగా దారి కట్టారు, ఇనప కంచెలు పెట్టారు. ఆలోచనలో తప్పు లేదు. బస్సు ఎక్కడ మొదలై ఎక్కడికి పోవాలన్నదే ఎవరూ తేల్చలేదు. రెండు కొసలా ఆ దారి మామూలు రద్దీలో కలిసిపోతుంది, కాబట్టి మధ్యలో మిగిలిన నిమిషాలు కొసల్లో పోతాయి. బస్సులు నిలబడలేదు. బస్సులకని కట్టిన నడిమి దారి ఉదయం నడకకూ, సాయంత్రం కబుర్లకూ పనికొచ్చింది. పక్కన వరసల్లో బళ్ళు మాత్రం ఒకదాన్నొకటి రాసుకుంటూ పోయాయి. ఆ బస్సులు నిజంగా తిరిగి ఉంటే సత్యనారాయణపురం ఉద్యోగులు ఎంతమంది స్కూటర్లు ఇంటి దగ్గరే వదిలేవాళ్ళో.

రోడ్డు లోపం అంటే ట్రాఫిక్‌లో పది నిమిషాలు పోవడమేనని అనుకునేవాళ్ళు 2024 సెప్టెంబరు మొదటి వారాన్ని గుర్తు చేసుకోవాలి. బుడమేరు వాగు పొంగి అజిత్ సింగ్ నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. ఆ ప్రాంతానికీ మిగతా ఊరికీ నడుమ రైలు పట్టాలున్నాయి. పట్టాల కింది దారుల్లో నీళ్ళు నిండాయి. ఇక మిగిలింది సింగ్ నగర్ ఫ్లైఓవర్. లక్షల మంది బతుకు ఆ ఒక్క వంతెన మీద వేలాడింది. చంకన పిల్లలతో, నెత్తిన మూటలతో నడుంలోతు నీళ్ళలో ఈడ్చుకుంటూ జనం దాని మొదలు దాకా వచ్చారు. పడవలు దించిందీ అక్కడే, అన్నం పొట్లాలు, నీళ్ళ సీసాలు పంచిందీ అక్కడే, అంబులెన్సులు నిలిపిందీ అక్కడే. లోపలికి పోయే లారీ, బయటికి వచ్చే మనిషి, తమవాళ్ళ కోసం వెతుక్కునే బంధువు ఒకే వాలు మీద కలిశారు. ఇంకో రెండు చోట్ల పట్టాలు దాటే ఎత్తైన దారి ఉండి ఉంటే ఎన్ని ఇళ్ళకు తిండి ముందే చేరేదో ఆ నీళ్ళలో గడిపినవాళ్ళకు తెలుసు. గుణదల దగ్గర పట్టాల మీద వంతెన కావాలన్న కోరిక ఎన్నో ఏళ్ళ నాటిది. ప్రతి ఎన్నికకూ ఆ మాట పైకొస్తుంది.

ఇప్పుడు పడమటి బైపాస్ వచ్చింది. గన్నవరం దాటాక చిన అవుటపల్లి దగ్గర మొదలై గొల్లపూడి మీదుగా, కృష్ణ మీద కొత్త వంతెన దాటి గుంటూరు రోడ్డులో కలిసే దాదాపు 48 కిలోమీటర్ల దారి. దూరపు లారీలు అటు మళ్ళితే బెంజి సర్కిల్‌కు కొంత ఊరట. ఈ బైపాస్‌ను కూడా ఇన్నేళ్ళు నానబెట్టకుండా ఉంటే ఫ్లైఓవర్లలో కొన్ని అసలు అవసరమయ్యేవా అన్నది ఊళ్ళో ఇంజనీర్లు కూడా అడిగే ప్రశ్న.

ఇంకొకటి, మెట్రో. రాష్ట్ర విభజన తర్వాత మొదట అనుకున్న ప్రణాళికలో బందరు రోడ్డు మీద పెనమలూరు దాకా, ఏలూరు వైపు నిడమానూరు దాకా రెండు దారులు. తర్వాత అది ఆగింది, లైట్ మెట్రో అన్నారు, అదీ ఆగింది. 2024లో మళ్ళీ కదిలిన ప్రతిపాదనలో రామవరప్పాడు రింగు నుంచి నిడమానూరు వరకు 4.7 కిలోమీటర్లు డబుల్ డెక్కర్ కట్టాలన్నది ఒకటి. కింద ఇప్పుడున్న రోడ్డు, దాని పైన ఫ్లైఓవర్, ఆ పైన మెట్రో. ఒకే స్తంభం మీద రెండూ మోయించడం తెలివైన పనే, విడివిడిగా రెండుసార్లు తవ్వే బాధ తప్పుతుంది. కాకపోతే బెంజి సర్కిల్‌లో జరిగిందే అక్కడా జరిగే ప్రమాదం ఉంది. ప్రసాదంపాడు, ఎనికేపాడు రెండూ ఆ రోడ్డుకు రెండు పక్కలా ఉన్న ఊళ్ళు. బడి ఒక పక్క, ఇల్లు ఇంకో పక్క ఉన్న కుటుంబాలు వందల్లో ఉన్నాయి. తవ్వకం మొదలయ్యే ముందే ఆ పనికి సంబంధించిన నేల మట్టం డ్రాయింగును వార్డు, గ్రామ సచివాలయాల గోడల మీద పెట్టాలి. ఫ్లైఓవర్ స్తంభం ఎక్కడ, యూటర్న్ ఎక్కడ, బస్సు ఎక్కడ ఆగాలి, నడిచే మనిషి ఎక్కడ దాటాలి, పని జరిగినన్నాళ్ళూ డైవర్షన్ ఏ వీధిలోంచి పోతుంది, ఆ వీధికి ఎన్ని నెలలు అనేవన్నీ అందులో తెలుగులో రాసి ఉండాలి. అభ్యంతరాలు వినడానికి ఒక రోజు, ఒక అధికారి, ఒక రిజిస్టరు ఉంటే చాలు. ఎనికేపాడువాళ్ళు ముందుగా చూడాల్సింది ఆ డ్రాయింగులో తమ బస్టాపు ఏ స్తంభం పక్కన పడిందన్నదే.