గిటారు గరగరపు వెల

వెనుకటి విద్యుద్గిటారు ఆంప్లిఫయరులలో వాల్వులుండెడివి. వానిపై శక్తికి మించిన భారము మోపినచో తీగ పలుకు గరగరలాడును. తొలుత దీనిని దోషమనిరి. తంబురా తీగ క్రింద జీవ యను నూలుపోగు నుంచి మ్రోత పుట్టించు మనకది దోషముగ తోపకపోవచ్చును. 1958లో వెలువడిన ‘రంబుల్’ అను రికార్డుకై అమెరికా వాద్యకారుడు లింక్ రే స్పీకరునే పెన్సిలుతో పొడిచెనని చెప్పుదురు.

పేద వాద్యకారునకు స్పీకరు చింపుకొనుట గాని, ఇంట ఆంప్లిఫయరును నిండుగ మ్రోగించుట గాని సాధ్యమా? జపాను దేశపు బాస్ సంస్థ 1977లో ఓ.డీ.–1 అను, కాలితో నొక్కు చిన్నపెట్టెను వెలువరించెను. అందలి డయోడులు ధ్వనితరంగముల శిఖరములను నున్నగా చెక్కును. 1981లో వచ్చిన ఎస్.డీ.–1 యందు నాదపు వాడిని దిద్దు మీట చేరినది. తక్కువ రొక్కముతో ఆరంభించువారికి నేను ముందుగ చెప్పునది దీనినే. నేటికిని అది చౌకగనే దొరకుచున్నది.

ఇక 1970వ దశకపు చివర పుట్టిన ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమరు సంగతి వేరు. స్టీవీ రే వాన్ వాయించుటచే దానికి కీర్తి హెచ్చెను; ఆనాటి పచ్చని పెట్టెలు నేడు పలు రెట్లు వెల పలుకుచున్నవి. లోపలి 4558 చిప్పు మాత్రము స్వల్పపు వెలదే!