గోలకొండ త్రోవలో ఒక దినము

జూబిలీహిల్సునందలి పెద్దమ్మతల్లి గుడికడ తెల్లవాఱుజామున నడక మొదలుపెట్టితిని. తోడు నా మేనల్లుడు. ఫిలింనగరున సినిమాలకు వలయు మేడలను కొయ్యతో కట్టు వడ్రంగి. "మామయ్యా, ఆటో పిలిచెదనా?" అని రెండుమాఱు లడిగెను. వలదంటిని. మధ్యాహ్నమునకు నా మోకాళ్లే నాతో వాదమునకు దిగినవి, అది వేఱుమాట.

అఱువదేండ్లక్రిందట ఈ గుట్టలపై బండలును ముండ్లపొదలును తప్ప మఱేమియు లేదు. 1960వ దశకమున చల్లగళ్ల నరసింహారావుగారు సహకార సంఘము మూలమున ఇచ్చట ఇండ్లు కట్టించిరి. పిమ్మట చెన్నపట్టణమునుండి తెలుగు చలనచిత్ర పరిశ్రమ మెల్లమెల్లగా తరలివచ్చెను. బంజారాహిల్సులో అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణ, ఫిలింనగరున రామానాయుడుగారి స్టూడియో వెలసినవి. సుమారు 250 కోట్ల సంవత్సరముల వయస్సుగల బండలు మాత్రము పగిలి పునాదులలో కలసినవి. మిగిలినవానిని చూచుటకైనను ఒకసారి రావలెను.

మేనల్లుడు తాను కట్టుచున్న రాజభవనమును చూపెను. స్తంభముపై కొట్టితిని, డొల్లగా మ్రోగెను. "పదిదినముల పని. చిత్రీకరణ ముగియగానే ఊడదీయుదుము" అనెను.

అటనుండి పల్లమునకు దిగినచో షేక్‌పేట. కుతుబ్‌షాహీలనాటి సరాయి అక్కడ కలదు. రెండంతస్తులు, బాటసారులకు గదులు, గుఱ్ఱములకును ఒంటెలకును తావులు. ప్రతిదినము ఆ దారిని పోవు మేనల్లుడు దానిని ఎన్నడును నిలిచి చూడలేదట! గోడపై చేయి వేసి సున్నమును చాలసేపు తడవి చూచెను. "దీనికి కూలి యెంత యిచ్చిరో!" అనెను. నాకు తెలిసిన చరిత్రగ్రంథము లేవియు ఆ ప్రశ్న వేయలేదు.

సమాధులలో నేను ఎక్కువసేపు నిలిచినది ఇబ్రహీం కుతుబ్‌షా సమాధికడ. పెద్దలారా, మన కవులు మల్కిభరాముడని పిలిచినది ఈతనినే. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఈతనికే అంకితమిచ్చెను. ఈతని కొలువులోని అమీనుఖానునకు పొన్నెగంటి తెలగన్న యయాతిచరిత్రమును అచ్చతెలుగున వ్రాసి యిచ్చెను. 1543లో అన్నకు వెఱచి పాఱిపోయి, ఏడేండ్లు విజయనగరమున అళియ రామరాయల యింట అన్నము తినెను. తెలుగు రుచి మరిగినది అచ్చటనే యందురు. 1550లో సింహాసన మెక్కెను. 1565లో తక్కిన సుల్తానులతో చేరి ఆ రామరాయలపైననే కత్తి దూసెను. రామరాయలును సుల్తానుల నొకరిపై నొకరిని ఎగద్రోసినవాడే. అయినను అన్నము పెట్టినవాడు గదా! తెలుగును పోషించినందులకు మెచ్చుదునా, ఉప్పు మఱచినందులకు నిందింతునా? అఱగంట కూర్చుండియు తేల్చుకొనలేకపోతిని.

ప్రొద్దు వాలుచుండగా కోటలో ప్రవేశించితిమి. ఎనిమిదినెలల ముట్టడి పిమ్మట, 1687లో లోపలివాని ద్రోహమున ఔరంగజేబునకు చిక్కిన కోట యిది. తానీషా దౌలతాబాదు చెఱలో మరణించెను. తాతల ప్రక్కన ఆతనికి చోటు దక్కలేదు.

ఆతడు చెఱబెట్టించిన కంచెర్ల గోపన్న కొట్టును తుదకు చూచితిమి. గోడపై సీతారాముల రూపములు కలవు. మేనల్లుడు ఒక చిత్రమునకై ఈ చెఱసాలను కొయ్యతో కట్టియుండెనట. మాటాడక మూలనుండి మూలకు జానలతో కొలిచెను.

"నేను చాల పెద్దదిగా కట్టితిని, మామయ్యా" అనెను.